న్యూట్రల్ అంటే ఏంది? బండి మాటల వెనుక మన కరీంనగర్, ఆదిలాబాద్ చరిత్ర

పోయిన ఎపిసోడ్‌లో జిల్లా కచేరీ ఎలగందుల నుంచి కరీంనగర్‌కు ఎట్ల మారిందో చెప్పుకున్నం. ఈసారి కోటలు లేవు, రాజులు లేరు. బండి నేర్చుకునేటోళ్ల నోట్ల రోజూ తిరిగే మాటల గురించి మాట్లాడుత. ఇది కూడా చరిత్రేనా అని కొందరు అడుగుతరు. చివరిదాకా వినుండ్రి, తర్వాత మీరే చెప్పుండ్రి.

సంగతి ఎక్కడ మొదలైందంటే, మా తమ్ముని బిడ్డ కారు నేర్చుకుంటున్నది. ఎల్లెల్లార్ కోసం ఫోన్‌లో ప్రశ్నలు చదువుకుంట చదువుకుంట, "పెద్దబాపూ, తటస్థ స్థితి అంటే ఏంది?" అని అడిగింది. "న్యూట్రల్ బిడ్డా" అన్న. "మరి న్యూట్రల్ అంటే ఏంది?" అన్నది. గేరు ఏ పల్లుకూ పట్టకుండ నడుమ ఉండుడు అని చెప్పిన. చెప్పినంక నాకే అనిపించింది, ఈ మాటకు జవాబు ఇంత చిన్నది కాదు అని. ఈ ఒక్క మాట మన దిక్కు ఎందరి ప్రాణాల మీదికి తెచ్చిందో తల్చుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందుగాల మాటలు ఎట్ల వచ్చినయో చూద్దాం. మన బండి భాషను గోడ లెక్క కోసి చూస్తే మూడు వరుసలు కనిపిస్తయి. అడుగున ఎద్దుబండి ఉంటది. ఇరుసు, చీల, కందెన, పగ్గం ఇవన్నీ అక్కడివే. మోటర్లు వచ్చినంక కూడా పాత మెకానిక్కులు గ్రీజును కందెన అనే అన్నరు. అసలు "బండి" అన్న మాటే చూడుండ్రి. ఎద్దులు గుంజేదీ బండే, స్కూటరూ బండే, పద్నాలుగు టైర్ల లారీ కూడా బండే. ఇంజన్ మారింది, గుంజే జీవం మారింది, పేరు మాత్రం మారలేదు.

నడిమి వరుస ఉర్దూది. నిజాం రాజ్యంలో సర్కారు నడిచింది ఉర్దూలో కాబట్టి రోడ్డు మీది మాటలు ఆ భాషలోనే స్థిరపడ్డయి. సడక్, చౌరస్తా, గల్లీ, నాకా, కిరాయ, మరమ్మత్. కృష్ణా, గుంటూరు దిక్కు పోతే నాలుగు రోడ్లు కలిసిన జాగను "సెంటర్" అంటరు. మనకు మాత్రం కరీంనగర్‌లో కమాన్ చౌరస్తా, కోర్టు చౌరస్తా. చార్ అంటే నాలుగు, రాస్తా అంటే బాట. మాటలోనే పటం గీసి ఉన్నది.

ఈ వరుసలో నాకు బాగా ఇష్టమైన మాట "రహదారి". ఇప్పుడు మనకు రహదారి అంటే పెద్ద రోడ్డు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగ రామగుండం పోయేది రాజీవ్ రహదారి. ఆదిలాబాద్, నిర్మల్ మీదుగ పోయేది 44వ నంబర్ జాతీయ రహదారి, పాత లెక్కల్లో 7వ నంబరు. అచ్చ తెలుగు మాట లెక్క వినిపిస్తది గాని అది ఫారసీ. రాహ్ అంటే బాట, రాహ్‌దార్ అంటే బాట కావలి కాసేటోడు, రాహ్‌దారీ అంటే ఆ బాట మీద పోయే సరుకుకు వసూలు చేసే సుంకం. మొగలుల కాలంలో ఈ సుంకం బాధ ఎంత ఉండెనంటే, ఔరంగజేబు గద్దెనెక్కిన తొలి ఏండ్లలోనే దాన్ని రద్దు చేసిండు. హుకుం వెలువడ్డది గాని దారి పొంటి వసూళ్లు ఆగలేదు. పాత తెలుగు కాగితాల్లో రహదారి అంటే దారిన పోనిచ్చే చీటీ అన్న అర్థం కూడా ఉన్నది. నిజాం జమానాలో సరిహద్దుల మీద కరోడ్‌గిరి నాకాలు ఉండేటియి, అంటే కస్టమ్స్ నాకాలు. సుంకం పేరు చీటీ పేరయింది, చీటీ పేరు రోడ్డు పేరయింది. ఇప్పుడు అదే రాజీవ్ రహదారి మీద రేణికుంట కాడ టోల్ గేటు ముందు బండి ఆపి పైసలు కడుతున్నం. మాట తిరిగి తిరిగి సొంతింటికి వచ్చింది.

పైవరుస ఇంగ్లీషుది, ఇంజన్‌తోని వచ్చింది. 1932లో నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. బస్సులు స్కాట్లండ్ దేశపు ఆల్బియన్ కంపెనీవి. 1951లో ఆ శాఖ రైల్వే నుంచి విడివడి రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడ్డది. బస్సుల నంబర్లలో "జెడ్" అక్షరం ఎందుకుంటదని అడిగితే, అది నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని చెప్తరు. ఆ అక్షరం ఏపీ పోయి టీఎస్ వచ్చినా, టీఎస్ పోయి టీజీ వచ్చినా అట్లనే ఉన్నది. మన బండ్ల నంబర్లు మాత్రం ఎన్నిసార్లు మారినయో! కరీంనగర్ ఏపీ 15 ఉండె, తర్వాత టీఎస్ 02 అయింది. ఆదిలాబాద్‌కు మాత్రం ఒకటో నంబరు ఎన్నడూ పోలేదు.

ఈ ఇంజన్‌తోని వచ్చిన మాటల్లో కొన్నిటిని ఇంగ్లీషోళ్లే మరిచిపోయిండ్రు, మనం దాచుకున్నం. "స్టెప్నీ" తీసుకోండ్రి. మొదట్ల కార్లకు అదనపు చక్రం ఉండకపోయేది. పంక్చరైతే నడి రోడ్డు మీద కూసోని అతుకు వేసుకోవాలె. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ అనే ఊర్ల, స్టెప్నీ స్ట్రీట్ అనే గల్లీలో, డేవిస్ అనే ఆయన గాలి తక్కువైన చక్రానికి బిగించే అదనపు చక్రం కనిపెట్టిండు. దానికి ఆ గల్లీ పేరే పెట్టిండ్రు. ఆ సరుకు ఎన్నడో మూలకు పడ్డది. ఇయ్యాల ఆ దేశంలో స్టెప్నీ అంటే చాలామందికి తెల్వదు. జమ్మికుంటలో టైర్లకు గాలి కొట్టే పోరడు మాత్రం "అన్నా, స్టెప్నీల గాలుందా?" అని అడుగుతడు. బ్రెజిల్‌లో కూడా అదనపు టైరును "ఎస్టెపే" అంటరట. డిక్కీ కూడా అసొంటిదే. గుర్రపు బగ్గీల మీద, పాత మోటర్ల వెనుక ఉండే చిన్న సీటు పేరది. మనకు సామాన్లు పెట్టే పెట్టె అయింది.

సరే, మాటలు ఎక్కడెక్కడి నుంచి వచ్చినయో చూసినం. అవి మనిషికి ఎట్ల అందినయి? నా తరంల బండి నేర్చుకున్నోళ్లలో ఎక్కువమంది పుస్తకం చూసి నేర్చుకోలేదు, స్కూలుకు పోలేదు. లారీ మీద క్లీనర్‌గ ఎక్కినోడు డ్రైవర్‌ను "ఉస్తాద్" అంటడు. ఉస్తాద్ అంటే గురువు, తాలీంలో కుస్తీ నేర్పేటోడూ ఉస్తాదే. ఉస్తాద్ చెప్పింది చెవులతోని పట్టుకోవాలె. ఎందుకు అని అడిగే రివాజు లేదు. "రేస్ ఇయ్యి", "క్లచ్చి సగం ఇడువు", "డిప్పర్ కొట్టు", "సైడియ్యి" ఇవీ పాఠాలు. అందుకనే మంచి ముచ్చట ఎంత బలంగ దిగుతదో, తప్పు ముచ్చట కూడా అంతే బలంగ దిగుతది.

మా మేనమామకు టాటా లారీ ఉండె. ఎండాకాలం సెలవుల్లో నేను ఆయన ఎంబడి తిరిగేది. నిర్మల్ దాటి ఆదిలాబాద్ దిక్కు పోతుంటే మహబూబ్ ఘాట్ వస్తది. ఇప్పటి లెక్క వెడల్పు రోడ్డు కాదు అప్పుడు. రెండు దిక్కులా టేకు చెట్లు, మలుపు మీద మలుపు. ఘాట్ అన్న మాట కూడా చిత్రమైందే. ధర్మపురిలో గోదావరికి దిగే మెట్లూ ఘాటే, నిర్మల్ కాడ గుట్ట ఎక్కే బాటా ఘాటే. రెండుచోట్లా దిగేటప్పుడే పైలం ఉండాలె.

మామ దిగుడు మొదలుకాకముందే లారీ ఆపేది. కిందికి దిగి టైర్ల మీద కాలుతోని తన్ని చూసేది. మళ్లెక్కి రెండో గేరు వేసి, ఇగ కిందికి దిగేదాకా గేరు కర్రను ముట్టకపోయేది. "ఏ గేర్ల ఎక్కుతమో ఆ గేర్లనే దిగాలెరా అల్లుడా" అనేది. బండి మూలుగుకుంట మెల్లగ దిగుతుంటే వెనుకున్న లారీలోళ్లు హారన్ కొట్టేది. కొందరు పక్కనుంచి సప్పుడు లేకుండ జారుకుంట పోయేది. లారీ అంత పెద్ద బండి సప్పుడు లేకుండ ఎట్ల పోతున్నదని నాకు ఆశ్చర్యం. "న్యూట్రల్ కొట్టిండు, డీజిల్ మిగిలిచ్చుకుంటున్నడు" అన్నడు మామ. ఆ మాట ఆయన తప్పుగనే చెప్పిండు, నేను మాత్రం ఉపాయం లెక్క విన్న. ఆ ఈడుల పదిలంగ పోయేటోని కంటే జారుకుంట పోయేటోడే మొనగాడు లెక్క కనిపిస్తడు.

ఇప్పుడు ఈ ఉపాయంలో ఏముందో చూద్దాం. గేర్ల ఉన్న బండి దిగుడుల పోతుంటే చక్రాలు ఇంజన్‌ను తిప్పుతయి. యాక్సిలేటర్ మీది నుంచి కాలు తీసినం కాబట్టి, ఇంజన్ తిరగనని మొండికేసి చక్రాలను వెనక్కు పట్టుకుంటది. దీన్నే ఇంజన్ బ్రేకింగ్ అంటరు. గేరు ఎంత చిన్నదైతే పట్టు అంత ఎక్కువ. న్యూట్రల్‌లో పడేస్తే ఆ పట్టు పోతది. బండి బరువంతా బ్రేకుల మీదనే పడుతది. దిగుకుంట పోయినకొద్ది బ్రేకు తొక్కుతనే ఉండాలె. డ్రమ్ములు కాగుతయి, లైనింగు పట్టు తప్పుతది, పెడల్ కింద కాలు ఉన్నా బండి ఆగదు. గాలి బ్రేకులున్న పెద్ద బండ్లలో ఊకె తొక్కితే ట్యాంకుల గాలి కూడా పడిపోతది. సరే, మళ్లా గేరు వేసుకుందామంటే, పాత గేరు బాక్సుల్లో స్పీడు మీద గేరు పడదు. డబుల్ క్లచ్చి కొట్టి, ఇంజన్‌ను రేస్ చేసి, చక్రం స్పీడుకు కలిపితేనే పడుతది. భయం పట్టిన మనిషికి అది చేతకాదు. పల్లు గర్రుమంటయి, కర్ర వెనక్కు తంతది.

తటస్థం అన్న మాట మంచి మాటనే అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. తటం అంటే ఒడ్డు. తటస్థుడు అంటే ఒడ్డు మీద నిలబడ్డోడు. న్యూట్రల్‌లో పడ్డప్పుడు ఇంజన్ సరిగ్గ అట్లనే ఒడ్డున నిలబడి చూస్తది, చక్రాలు వరదల కొట్టుకపోతయి.

ఇంకో ముచ్చట. డీజిల్ మిగులుతదన్న మాట కూడా నిలబడదు. గేర్ల ఉండి కాలు తీసేసి దిగుతున్నప్పుడు డీజిల్ ఇంజన్‌కు పోసే చమురు దాదాపు బంద్ అయితది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతున్నయి కదా. న్యూట్రల్‌లో ఉంటే ఇంజన్ తనంతట తానే తిరగాలె, దానికి చమురు కావాలె. అంటే ప్రాణం పెట్టి మిగిలిచ్చుకున్నది ఏమీ లేదు. సప్పుడు తగ్గింది కాబట్టి ఖర్చు తగ్గిందని అనుకున్నరు, అంతే.

నేనూ ఆ మూర్ఖుల్లో ఒకణ్నే. 1990ల మధ్యలో, నాకు కొత్తగ లైసెన్సు వచ్చినంక, కిరాయ జీపులో చుట్టాలను ఎక్కిచ్చుకొని అదే ఘాట్ దిగుతున్న. పక్క సీట్ల మా బావ ఉన్నడు. గొప్ప చూపెట్టాలని న్యూట్రల్ కొట్టిన. రెండు మలుపులు బాగనే ఉండె. మూడో మలుపు కాడ కాలిన వాసన వచ్చింది. పెడల్ మెత్తగ లోపలికి పోయింది. మూడో గేరుకు తోస్తే పడలేదు. ఎదురుంగ లారీ ఎక్కుతున్నది. బావ ఏమన్నడో ఇప్పటికీ యాదికి లేదు గాని, ఆయన చెయ్యి నా కంటే ముందు హ్యాండ్ బ్రేకు మీదికి పోయింది. రోడ్డు పక్కన మరమ్మత్ కోసం పోసిన మొరం కుప్ప ఉండె, జీపును అందుల గుద్దిన. ఎవ్వలకూ ఏం కాలేదు. మా మేనత్త మాత్రం ఆ తర్వాత నేను నడిపిన బండి ఎన్నడూ ఎక్కలేదు. మామకు చెప్పే ధైర్యం నాకు చాలా ఏండ్లు రాలేదు. చెప్పిననాడు ఆయన తిట్టలేదు, "నేను నీకు ఎందుకో చెప్పలేదురా" అన్నడు.

ఇగ కొండగట్టు గురించి మాట్లాడాలె. ఈ భాగం ఎట్ల చెప్పాల్నా అని చాలా ఆలోచించిన.

2018 సెప్టెంబర్ 11, మంగళవారం. శనివారంపేట నుంచి జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ అదుపు తప్పి లోయలో పడ్డది. అరవై మందికి పైగా చనిపోయిండ్రు. డ్రైవర్ కూడా బతకలేదు. బస్సులో వంద మంది దాకా ఉన్నరు. ఎక్కువమంది కొడిమ్యాల మండలం ఊర్లోళ్లు. పొద్దుగాల ఆస్పత్రికని, బజారుకని, బ్యాంకుకని బయలెల్లిన ఆడోళ్లు, ముసలోళ్లు, పిల్లలు. గట్టు అంటేనే మన దిక్కు కొండ. కొండగట్టు అంటే కొండ అన్న మాటను రెండుసార్లు అన్నట్టు. అంజన్న దర్శనానికి ఎన్నిసార్లు ఎక్కి దిగిన బాటనో మనందరిది.

ఆ తర్వాత రోజుల్లో టీవీల్ల, పేపర్లల్ల మూడు మాటలు తిరిగినయి. ఓవర్‌లోడు, బ్రేకులు ఫెయిల్, న్యూట్రల్. మూడో మాట విన్ననాడు నా ఒళ్లు జల్లుమన్నది. అయితే ఒక్క మాట గట్టిగ చెప్త. ఆ స్టీరింగ్ ముందు ఏం జరిగిందో చెప్పే మనిషి లేడు. జవాబు చెప్పుకోలేని మనిషి మీద ఆ మాట మోపే హక్కు నాకు లేదు. మోపితే మిగతా రెండు మాటలు మాయమైపోతయి కూడా. అంత బరువు బస్సులో ఎందుకున్నది? పల్లెకు ఒకటే బస్సు వస్తే అందరూ అందులనే ఎక్కుతరు, ఇంకో బస్సు ఉంటే ఇంకోటి ఎక్కుతరు. ఎక్కినోళ్లది తప్పు అనుడు నాకు అన్యాయం అనిపిస్తది. ఆర్టీసీలో కేఎంపీఎల్ అన్న మాట తెల్వని డ్రైవర్ ఉండడు, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చినవని. డీజిల్ లెక్క కాగితం మీద రోజూ రాస్తరు. దిగుడుల చిన్న గేరు వేసి మెల్లగ దించిన డ్రైవర్ పనితనాన్ని ఏ కాగితం మీద రాస్తరు? మా మామ అసొంటోళ్లు వెనుక హారన్లు పడుకుంట దిగినదానికి లెక్క ఎక్కడా లేదు.

చట్టం ఏం చేసింది అంటే, చాలా చేసింది. 1939 మోటారు వాహనాల చట్టం, దాని జాగలో 1988 చట్టం వచ్చినయి. రెండోది 1989 జూలై 1 నుంచి అమలైంది. తర్వాత 2019లో పెద్ద సవరణ జరిగింది. ఎల్లెల్లార్ ఆరు నెలలు చెల్లుతది, తీసుకున్నంక ముప్పై రోజులు ఆగినంకనే టెస్టుకు పోవాలె. తెల్ల పలక మీద ఎర్ర "ఎల్" అక్షరం పెట్టుకోవాలె, పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూసోవాలె. ఇవన్నీ అందరికీ తెలుసు. ఎక్కువమందికి తెల్వనిది ఒకటుంది. ఘాట్ మీద ఇరుకు జాగల రెండు బండ్లు ఎదురుపడితే, దిగేటోడు ఆగి ఎక్కేటోనికి బాట ఇయ్యాలె. 1989 రోడ్డు నియమాల్లోనే ఇది ఉండె. ఎక్కేటోడు ఆగితే మళ్లా కదలుడు కష్టం, వెనక్కు జారుతడు. నేను ఘాట్ మీద చూసిందాంట్ల సగం మంది దీనికి ఉల్టా చేస్తరు. దిగేటోడు డిప్పర్ కొట్టుకుంట, నేనే ముందు అన్నట్టు వస్తడు.

టెస్టు ప్రశ్నల తెలుగు గురించి కూడా చెప్పాలె. త్రికోణం బోర్డు ఉంటే హెచ్చరిక, గుండ్రం ఉంటే ఆజ్ఞ, నీలి పలక ఉంటే సమాచారం అని పిల్లలు బట్టీ పడుతున్నరు. మంచిదే. కాని త్రికోణంలో కిందికి దిగుతున్న బండి బొమ్మ చూసి "నిటారు వాలు" అని చెప్పగలిగిన పిల్ల, ఆ బొమ్మ కనబడంగనే చెయ్యి ఏ గేరు మీదికి పోవాల్నో చెప్పలేకపోతున్నది. పుస్తకం మాట నోట్ల ఉంటది, ఉస్తాద్ మాట చేతుల ఉంటది. రెండూ కలిసే జాగ ఎక్కడా లేదు. నా మటుకు నేను చెప్పేది ఇదే, నేర్పేటోళ్లు ఒక్కొక్క మాటకు "ఎందుకు" కూడా కలిపి చెప్పాలె.

పోయిన ఆదివారం మా బిడ్డను తీసుకొని మానేరు డ్యామ్ దిక్కు పోయిన. కట్ట పక్కన చిన్న దిగుడు ఉన్నది, పొద్దుగాల బండ్లు ఉండయి. పైన ఆపిచ్చిన. కారులో స్పీడు మీద కూడా గేరు సులువుగనే పడుతది, డబుల్ క్లచ్చి అక్కరలేదు. అయినా మొదట న్యూట్రల్‌లో దింపమన్న, నా కాలు రోడ్డు మీద బెట్టినట్టే ఉన్నది, చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద ఉన్నది. బండి సప్పుడు లేకుండ జారింది. "పెద్దబాపూ, ఇట్లనే బాగుంది కదా, హాయిగ పోతున్నది" అన్నది. అవును, హాయిగనే ఉంటది. మళ్లా పైకి తీస్కపోయి రెండో గేర్ల దింపమన్న. ఇంజన్ మూలిగింది, బండి తనంతట తానే మెల్లగయింది, కాలు బ్రేకు మీదికి పోనే లేదు.

"ఎవ్వరో వెనుకకెల్లి పట్టుకున్నట్టున్నది" అన్నది.

ఎవలు పట్టుకున్నరో చెప్పిన. మా మేనమామ ముచ్చట కూడా చెప్పిన, జీపు ముచ్చట కూడా చెప్పిన. ఇంకో నాలుగుసార్లు దించినం. వచ్చే ఎపిసోడ్‌లో కరోడ్‌గిరి నాకాల గురించి, పెన్‌గంగ సరిహద్దు ఊర్ల గురించి మాట్లాడుకుందాం. ఉంట మరి.